పాఠకుల ప్రశ్నలు: వెబ్‌సైటు పేరు ఎప్పుడు నమోదైందో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయి సారెలోకి పూతరేకులు, మడత కాజాలు తెప్పిద్దామని ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే ఒక వెబ్‌సైటు కనిపించింది. ఆత్రేయపురం చిరునామా ఇచ్చి, ‘1998 నుంచి ఇదే వెబ్‌సైటు ద్వారా దేశమంతటికీ పంపుతున్నాం’ అని రాసుకున్నారు. సగం సొమ్ము ముందుగా యూపీఐలో పంపాలంటున్నారు. ఆ వెబ్‌సైటు నిజంగా అంత పాతదేనా అని తెలుసుకునే మార్గం ఉందా?
(ఒక పాఠకురాలు, అమలాపురం)

జవాబు: ఉందమ్మా. దానికి రూపాయి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఏ డొమైన్ పేరునైనా, అంటే వెబ్‌సైటు పేరునైనా, ఎవరైనా కొనుక్కున్నప్పుడు, ఆ పేరు చివరి భాగాన్ని నిర్వహించే రిజిస్ట్రీ సంస్థ, అంటే డాట్ కామ్, డాట్ నెట్‌లకు అమెరికాలోని వెరిసైన్, డాట్ ఇన్‌కు మన దేశంలోని నిక్సీ, నమోదైన తేదీని సెకన్లతో సహా తన రికార్డులో రాసుకుంటుంది. ఆ రికార్డును ఎవరైనా అడిగి చూసుకునే ఏర్పాటుకు హూఈజ్ అని పేరు. దాని తొలి నిర్దేశాలు 1982లోనే వెలువడ్డాయి. డాట్ కామ్ వంటి అంతర్జాతీయ పేర్ల విషయంలో ఆ పాత పద్ధతి స్థానాన్ని ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి తీసుకుంది, 2025 జనవరి 28 నుంచి పాత పద్ధతిని కొనసాగించవలసిన నిర్బంధం ఆ సంస్థలకు లేదు. చూసే మనకు మాత్రం దీనివల్ల తేడా ఏమీ ఉండదు, అలవాటు కొద్దీ అందరూ ఇప్పటికీ హూఈజ్ అనే అంటున్నారు.

ముందుగా వెబ్‌సైటు చిరునామాలో అసలు డొమైన్ పేరు ఏదో విడదీసుకోవాలి. చిరునామా మొదట ‘హెచ్‌టీటీపీఎస్’ అని, దాని పక్కన రెండు ఏటవాలు గీతలు ఉంటే వాటిని వదిలేసి, ఆ తరువాత మొదటి ఏటవాలు గీత, అంటే స్లాష్, వచ్చేంతవరకు ఉన్న భాగాన్ని తీసుకుని, దానిని కుడివైపు నుంచి చదవండి. చివర డాట్ కామ్ ఉంటే దానికి సరిగ్గా ఎడమన ఉన్న ఒక్క పదమే అసలు పేరు. చివర డాట్ కో డాట్ ఇన్ ఉంటే ఆ రెండింటికీ ఎడమన ఉన్న పదం అసలు పేరు. ఇంకా ఎడమన ఎన్ని పదాలున్నా అవి ఆ యజమాని తన ఇష్టప్రకారం తగిలించుకున్నవే. బ్లాగ్‌స్పాట్, వర్డ్‌ప్రెస్ వంటి సంస్థల పేరు వెనుక ఉచితంగా దొరికే చిరునామా అయితే, మీరు ఎంత వెతికినా ఆ పెద్ద సంస్థ పేరు నమోదైన తేదీయే వస్తుంది తప్ప, ఆ మిఠాయి దుకాణం వారు పేజీ తెరిచిన తేదీ రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

విడదీసిన పేరును డాట్ కామ్ వంటి చివరి భాగంతో సహా, డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ వారి ‘లుకప్.ఐకాన్.ఓఆర్‌జీ’ (lookup.icann.org) పేజీలో టైపు చేయండి. డాట్ ఇన్ పేరయితే ‘రిజిస్ట్రీ.ఇన్’లో ఉన్న హూఈజ్ పేజీలో చూడండి. ఈ రెండు చోట్లా మీ ఫోన్ నంబరు గాని, ఓటీపీ గాని, రుసుము గాని అడగరు. అలా అడిగే పేజీ ఏదైనా ఎదురైతే మూసివేయండి.

వచ్చిన వివరాలలో మూడు తేదీలు ఉంటాయి. ‘క్రియేటెడ్’ లేదా ‘క్రియేషన్ డేట్’ అన్నది మీకు కావలసిన తేదీ. ‘అప్‌డేటెడ్’ అన్నది ఆ రికార్డులో చివరిసారిగా ఏదో ఒక మార్పు జరిగిన తేదీ, రెన్యువల్ చేసినా, సర్వరు మార్చినా అది మారిపోతుంది కనుక దానిని వయసుగా భావించకూడదు. మూడవది గడువు ముగిసే తేదీ. ఉదాహరణకు మొదటి తేదీ 2024-11-03 అని, దాని పక్కన 19:42:10 అని, చివర ఇంగ్లీషు జడ్ అక్షరం ఉన్నాయనుకుందాం. ఆ జడ్ అంతర్జాతీయ ప్రామాణిక సమయానికి గుర్తు. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక, మన లెక్కలో ఆ పేరు నమోదైంది నవంబరు 4వ తేదీ తెల్లవారుజామున 1 గంట 12 నిమిషాలకు. ఒక్క రోజు తేడా మీ పూతరేకుల విషయంలో పట్టింపు కాదు గాని, ఎవరు ముందు నమోదు చేసుకున్నారన్న వివాదంలో ఆ ఒక్క రోజే కీలకమవుతుంది.

యజమాని పేరు ఉండవలసిన చోట ఏమీ కనిపించకపోతే అనుమానించవద్దు. ఐరోపా దేశాల వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2018 మే 25న అమలులోకి వచ్చినప్పటి నుంచి ప్రపంచమంతటా ఆ వివరాలను దాచడం మామూలైపోయింది. డాట్ కామ్, డాట్ ఇన్ వంటి పేర్లకు తేదీలను మాత్రం దాచరు.

ఇక ఆ తేదీని బట్టి ఏమనుకోవాలన్నది అసలు విషయం. అది ఆ పేరు ప్రస్తుత నమోదు మొదలైన తేదీ. దుకాణం వయసు దానిలో ఉండదు. ఆత్రేయపురంలో మూడు తరాలుగా పూతరేకులు చుడుతున్న కుటుంబంలోని కోడలు ఈ నెలలోనే వెబ్‌సైటు పెట్టుకుని ఉండవచ్చు, ఆమె రికార్డులో ఈ నెల తేదీయే ఉంటుంది, అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. కనుక ‘మా దుకాణం 1998 నాటిది’ అని వారు రాసి ఉంటే ఈ పరీక్ష దానిని ఖండించలేదు, బలపరచలేదు. కానీ మీరు రాసిన దాని ప్రకారం వారు ‘ఇదే వెబ్‌సైటు ద్వారా’ అంటున్నారు. అది ఈ రికార్డుతో నేరుగా తేల్చదగిన మాట. 1998 అని చెప్పిన పేరు రెండు నెలల క్రితం నమోదై, గడువు కూడా ఒక్క ఏడాదికే ఉంటే, పేరు మధ్యలో పోయి మళ్లీ తీసుకున్నారేమో వారినే అడగండి. సరైన జవాబు రానంతవరకు ముందస్తు సొమ్ము పంపవద్దన్నది నా గట్టి సలహా.

దీనితోపాటు ఇంకొక్క పని చేయండి. ఆహార పదార్థాలు అమ్మేవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ వారు ఇచ్చే 14 అంకెల నంబరు ఉంటుంది. దానిని అడిగి తీసుకుని, ఆ సంస్థ వారి ‘ఫోస్కోస్’ పేజీలో సరిచూస్తే ఆ నంబరు ఎవరి పేరున, ఏ ఊరి చిరునామాతో ఉందో తెలుస్తుంది. పైగా మీరున్నది అమలాపురంలో. ఆత్రేయపురంలో తెలిసినవారి చేత ఆ దుకాణం ఉందో లేదో కనుక్కోవడం కష్టమైన పనేమీ కాదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, బస పేరిట ముందస్తు సొమ్ము అడిగే కొత్త వెబ్‌సైట్లు కనిపించినప్పుడు రాజమహేంద్రవరం, కొవ్వూరు, నరసాపురం వైపు వచ్చే మీ బంధువులకు కూడా ఈ పద్ధతి చెప్పండి.

ప్రశ్న: 2009లో మా నర్సరీకి డాట్ కామ్ పేరుతో వెబ్‌సైటు చేయించుకున్నాం. చేసి పెట్టిన అబ్బాయి ఊరు మారిపోవడంతో 2020లో రెన్యువల్ జరగక పేరు పోయింది. 2022లో అదే పేరు ఖాళీగా కనిపిస్తే మళ్లీ కొన్నాం. ఇప్పుడు రికార్డులో 2022 అనే వస్తోంది. పెద్ద మొత్తంలో మొక్కలు అడిగిన ఒక బెంగళూరు సంస్థ దానిని చూసి మమ్మల్ని కొత్తవారిగా లెక్కగడుతోంది. పాత తేదీని తిరిగి వేయించుకోగలమా?
(ఒక నర్సరీ రైతు, కడియపులంక)

జవాబు: వేయించుకోలేరండీ. ఇది చెప్పడానికి నాకు బాధగానే ఉంది. ఎందుకు వీలుపడదో తెలిస్తే మీ పేరు ఏ దశలో చేజారిందో కూడా మీకు అర్థమవుతుంది.

డాట్ కామ్ పేరు గడువు తీరిన రోజునే పోదు. గడువు తీరిన తరువాత రిజిస్ట్రార్ సంస్థ, అంటే మీకు పేరు అమ్మిన సంస్థ, దానిని 45 రోజుల వరకు తన వద్ద ఉంచుకోవచ్చు. ఆ వ్యవధిలో మామూలు రుసుముతోనో, కొద్దిగా ఎక్కువతోనో రెన్యువల్ చేయవచ్చు. ఆ తరువాత 30 రోజులు విమోచన గడువు ఉంటుంది, అప్పుడు తిరిగి తీసుకోవాలంటే రుసుము చాలా ఎక్కువ పడుతుంది. చివరి 5 రోజులలో ఎవరూ ఏమీ చేయలేరు. ఆ 5 రోజులు ముగిశాక రిజిస్ట్రీ ఆ రికార్డును పూర్తిగా తొలగిస్తుంది. మీరు 2022లో కొన్నది అక్షరాలా అదే పేరయినా, రిజిస్ట్రీ దృష్టిలో అది సరికొత్త నమోదు. 2009 నాటి రికార్డుకు దీనికి ఏ సంబంధమూ లేదు. ఆ చివరి 5 రోజుల దశ మొదలుకాకముందే, ఒక్క రోజు ముందైనా సరే, పేరును నిలబెట్టుకుని ఉంటే 2009 తేదీ చెక్కుచెదరకుండా ఉండేది.

అయితే పాత తేదీ లేకపోయినంత మాత్రాన పాత చరిత్రకు ఆధారం లేకపోదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1996 నుంచి ప్రపంచంలోని వెబ్ పేజీల ప్రతులను భద్రపరుస్తోంది. దాని వేబ్యాక్ మెషీన్‌లో మీ పేరు టైపు చేస్తే, ఏయే సంవత్సరాలలో ప్రతులు తీశారో ఒక క్యాలెండరులో కనిపిస్తుంది. 2010 ప్రాంతపు ప్రతి ఒక్కటి దొరికినా, ఆనాటి మీ మొక్కల పేర్లు, ఫోన్ నంబరు, కడియపులంక చిరునామా అందులో ఉంటాయి. ఆ ప్రతి చిరునామాలోనే 14 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది: మొదటి నాలుగు అంకెలు సంవత్సరం, తరువాతి రెండేసి అంకెలు వరుసగా నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. ఆ చిరునామానే బెంగళూరు వారికి పంపండి, వారు స్వయంగా తెరిచి చూసుకుంటారు. అక్కడ ప్రతి లేకపోతే మాత్రం వెబ్‌సైటు లేదని అర్థం కాదు, చిన్న వెబ్‌సైట్లను ఆ సంస్థ యంత్రాలు చాలాకాలం చూడకుండా వదిలేసిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. అప్పుడు 2009లో పేరు కొన్నప్పటి రసీదు, ఆ పేరుతో ఉన్న ఈమెయిళ్లు, ఆ వెబ్‌సైటు చిరునామా అచ్చయిన పాత విజిటింగ్ కార్డులు, బిల్లు పుస్తకాలు పనికివస్తాయి. పాత హూఈజ్ రికార్డులను దాచి, రుసుముకు ఇచ్చే సంస్థలు కూడా ఉన్నాయి, వ్యవహారం పెద్దదైతే ఆ ఖర్చు పెట్టవచ్చు.

వెబ్‌సైటులో ‘నర్సరీ స్థాపన’ అని అసలు సంవత్సరాన్ని, దాని కిందనే ‘ఈ వెబ్‌సైటు 2009లో మొదలై, 2022లో తిరిగి నమోదైంది’ అనే వాక్యాన్ని రాయండి. రికార్డుతో సరిపోయే మాట మీరే ముందుగా చెబితే చూసేవారికి అనుమానించే అవకాశమే ఉండదు.

ఇకముందు పేరు పోకుండా చూసుకోవడం మరింత ముఖ్యం. డొమైన్ మీ పేరున, మీరు రోజూ చూసే ఈమెయిలుతో నమోదై ఉండాలి, చేసి పెట్టిన వారి ఈమెయిలుతో కాదు. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తుచేయవలసిన బాధ్యత ఐకాన్ నియమాల ప్రకారం రిజిస్ట్రార్‌ది. మీ విషయంలో ఆ ఉత్తరాలు, ఊరు మారిన అబ్బాయి చూడటం మానేసిన ఈమెయిలుకు వెళ్లి ఉంటాయి. ఒకేసారి గరిష్ఠంగా 10 సంవత్సరాలకు సొమ్ము కట్టుకునే వీలుంది. నర్సరీ నడిపేవారు ఆ పని చేయడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: రొయ్యల మేత వ్యాపారానికి తగిన ఒక మంచి డాట్ కామ్ పేరును ఒకరు అమ్ముతామంటున్నారు. 1999 నాటి పేరు కనుక గూగుల్‌లో ముందు వస్తుందని, అందుకే ధర ఎక్కువని చెబుతున్నారు. తీసుకోవచ్చా?
(ఒక వ్యాపారి, భీమవరం)

జవాబు: పేరు నచ్చితే తీసుకోండి, తేదీకి మాత్రం అదనపు ధర కట్టవద్దు. డొమైన్ వయసు ర్యాంకుకు తోడ్పడదని గూగుల్ ప్రతినిధులే బహిరంగంగా చెప్పారు. గడువు తీరకుండా చేతులు మారిన పేరుకు మొదటి తేదీ అలాగే కొనసాగుతుంది కనుక 1999 అన్నది నిజమే కావచ్చు, మీరు కొన్న తరువాత కూడా 1999 అనే ఉంటుంది. అయితే పొలం కొనేముందు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీస్తే ఎవరి నుంచి ఎవరికి మారిందో వరుసగా తెలుస్తుంది గాని, హూఈజ్ రికార్డులో అలాంటి వరుస ఉండదు. మొదటి తేదీ, ఇప్పటి స్థితి, అంతే. మధ్యలో ఆ పేరు ఎందరి చేతులు మారిందో, జూదం పేజీలకో మోసపు ఈమెయిళ్లకో వాడారో అందులో కనిపించదు.

అందుచేత వేబ్యాక్ మెషీన్‌లో ఏడాదికొక ప్రతి చొప్పున తెరిచి చూడండి. 2018 ఏప్రిల్ నుంచి క్రోమ్ బ్రౌజరు, కొత్తగా ఇచ్చే ప్రతి భద్రతా సర్టిఫికెట్టూ బహిరంగ చిట్టాలో నమోదు కావాలని పట్టుబడుతోంది. ఆ చిట్టాలను ‘సీఆర్‌టీ.ఎస్‌హెచ్’ అనే పేజీలో వెతికితే ఈ పేరు కింద ఏయే ఉపనామాలు, అంటే అసలు పేరుకు ఎడమన తగిలించిన పేర్లు, ఎప్పుడు పనిచేశాయో చాలావరకు తెలుస్తుంది. రొయ్యల మేతకు సంబంధం లేని విదేశీ జూదపు పేర్లు వరుసగా కనిపిస్తే, 1999 కాదు 1989 అయినా ఆ పేరు జోలికి వెళ్లవద్దు.

ప్రశ్న: ప్రపంచంలో మొట్టమొదట నమోదైన డొమైన్ ఏది? కొన్ని విదేశీ పేర్లకు తేదీయే కనిపించడం లేదు, ఎందుకు?
(ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం)

జవాబు: పాల్ మొకపెట్రిస్ 1983లో డొమైన్ పేర్ల పద్ధతిని రూపొందించారు. డాట్ కామ్‌లో మొదటిది ‘సింబాలిక్స్.కామ్’, 1985 మార్చి 15న నమోదైంది. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన కంప్యూటర్ల తయారీ సంస్థ దానిని తీసుకుంది. ‘నోర్డు.నెట్’ రికార్డులో అంతకంటే ముందు, 1985 జనవరి 1 అని ఉంటుంది. సింబాలిక్స్ పేరును 2009లో ఒక పెట్టుబడి సంస్థ కొనుక్కుంది, అయినా రికార్డులో నేటికీ 1985 అనే ఉంది. పైన భీమవరం వారికి చెప్పిన మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ రోజులలో పేర్లకు రుసుము లేదు. 1995 సెప్టెంబరులో నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. ఐకాన్ 1998లో ఏర్పడింది. మన డాట్ ఇన్ పేర్లు సామాన్యులందరికీ సులువుగా అందుబాటులోకి వచ్చింది 2005లో. కనుక 2005కు ముందు నమోదైన డాట్ ఇన్ పేర్లు మీకు తక్కువగానే కనిపిస్తాయి.

దేశాల కోడ్‌లతో ముగిసే పేర్ల విషయంలో ఏమి చూపాలో ఆ దేశపు రిజిస్ట్రీయే నిర్ణయించుకుంటుంది. జర్మనీ రిజిస్ట్రీ నమోదు తేదీని బయటపెట్టదు. బ్రిటన్ పేర్లలో బాగా పాతవాటికి ‘1996 ఆగస్టుకు ముందు’ అని మాత్రమే ఉంటుంది, ఎందుకంటే ఇప్పటి రిజిస్ట్రీ నామినెట్ బాధ్యతలు తీసుకున్నది ఆ ఏడాదే.

ప్రశ్న: మా బ్యాంకు వెబ్‌సైటు చిరునామా మారింది. మీ పద్ధతిలో చూస్తే కొత్త పేరు 2025లోనే నమోదైనట్టు వస్తోంది. బ్యాంకు ఎంతో పాతది. మోసమా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, పాలకొల్లు)

జవాబు: చిరునామా ‘బ్యాంక్.ఇన్’తో ముగుస్తుంటే భయపడనక్కరలేదు మాస్టారూ. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా ఆ ముగింపు ఉన్న పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అందువల్ల వందేళ్ల బ్యాంకుకైనా అక్కడ కొత్త తేదీయే ఉంటుంది. ఆ పేర్లను ఇచ్చే అధికారం ఒక్క ఐడీఆర్‌బీటీకే ఉంది. అది హైదరాబాదులో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన సంస్థ, బ్యాంకులకు తప్ప ఇతరులకు ఆ పేరు ఇవ్వదు. డబ్బు కట్టిన ఎవరికైనా దొరికే డాట్ కామ్ విషయంలో తేదీ చూడటం అవసరం. అర్హత చూసి ఇచ్చే పేర్ల విషయంలో ముగింపు అక్షరాలను సరిగ్గా చదవడమే అసలు పరీక్ష.

ఇక్కడ కూడా కుడివైపు నుంచే చదవాలి. ‘బ్యాంక్’, ‘ఇన్’ అనే రెండు పదాల మధ్య చుక్క ఉండాలి, ‘ఇన్’ తరువాత స్లాష్ తప్ప మరొకటి ఉండకూడదు. బ్యాంక్-ఇన్ అని అడ్డగీతతో రాసి చివర డాట్ కామ్ తగిలించినది ఎవరైనా కొనుక్కోగల మామూలు పేరు, అలాంటిది ఎస్ఎంఎస్‌లో వస్తే తెరవకండి. ఇప్పటికే తెరిచి వివరాలు ఇచ్చి ఉంటే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, ‘సైబర్‌క్రైమ్.జీఓవీ.ఇన్’లో ఫిర్యాదు నమోదు చేయండి. సొమ్ము మరో ఖాతాకు మారకముందే ఫిర్యాదు అందితే దానిని నిలుపు చేయించే అవకాశం ఎక్కువ. ఫిర్యాదులో ఆ నకిలీ పేరును, హూఈజ్‌లో కనిపించిన నమోదు తేదీని, రిజిస్ట్రార్ సంస్థ పేరును కూడా రాయండి. ఆ పేరును ఎవరు కొన్నారో పోలీసులు అడగవలసింది ఆ రిజిస్ట్రార్‌నే.